కొండ దిగే బండికి బ్రేక్ ఆయిల్‌లో నీళ్లు చేరితే

2016 మే నెల, మిట్టమధ్యాహ్నం. నేనూ మా ఇంటామె పల్సర్ మీద తిరుమల కొండ దిగుతున్నాం. కొండ మీద ఒక అంగట్లో లెక్కలు రాయడం నా పని. రోజూ ఎక్కి దిగే దారే కాబట్టి ఏ మలుపు ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చెప్పగలను. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటి, మలుపులు వరసగా వస్తున్న చోట ముందు బ్రేక్ లివర్ కాస్త మెత్తగా అనిపించింది. ఆ తర్వాతి మలుపు దగ్గర నొక్కితే లివర్ నేరుగా వచ్చి గ్రిప్పుకి తగిలింది. బండి మాత్రం ఆగలేదు.

గేరు రెండుకి, అక్కడి నుంచి ఒకటికి దించి, వెనక డ్రమ్ బ్రేక్ తొక్కిపట్టి, కొండ వైపు కాలువ పక్కన మట్టిలోకి పోనిచ్చి ఎలాగో ఆపాను. డిస్క్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే జానెడు దూరం నుంచే సెగ కొట్టింది. ఇంటామె "ఏమైందండీ?" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. చెట్టు నీడలో ఇరవై నిమిషాలు కూర్చున్నాం. లేచి లివర్ నొక్కి చూస్తే ఎప్పటిలాగే గట్టిగా ఉంది! ఏమీ జరగనట్టే పట్టింది.

మరుసటి రోజు నేను ఎప్పుడూ సర్వీసుకి ఇచ్చే వర్క్‌షాపులో చెప్పాను. మెకానిక్ మాస్టర్ సిలిండర్ (హ్యాండిల్ మీద లివర్ దగ్గర బ్రేక్ ఆయిల్ ఉండే భాగం) పక్కనున్న చిన్న గాజు కిటికీలోకి చూసి, "ఏం లేదన్నా, ఆయిల్ నిండుగా ఉండాది, ప్యాడ్లు కూడా బాగుండాయి" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయిల్ నిండుగానే ఉంది. కానీ బండి కొన్న 2012 నుంచి ఆ రోజు దాకా ఆ ఆయిల్‌ను ఎవరూ మార్చలేదు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా తగ్గినంత పైన పోసి మూత బిగించారు. నాలుగు వానాకాలాల తేమ అందులోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నా బండి బ్రేకుల పని నేనే చేసుకుంటున్నాను. తర్వాత మా బామ్మర్ది బండికీ, అంగట్లో నాతో పనిచేసే ఇద్దరి బళ్లకీ కూడా చేస్తున్నాను. ఇన్నేళ్లలో తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా కొండ ఎక్కి దిగేవాళ్ల కోసం.

ముందుగా పేరు సంగతి. అంగళ్లలో అందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం, నేనూ అలాగే రాస్తున్నాను. కానీ అది నూనె కాదు. గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం. నూనెలో నీళ్లు కలవవు, దీనిలో మాత్రం ఉప్పు కరిగినట్టు కలిసిపోతాయి. అడుగున చుక్కగా కూడా కనపడవు. ఉప్పు డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో, ఇదీ గాలిలోని తేమను అలాగే లాక్కుంటుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే సగం తప్పులు జరుగుతున్నాయి.

తేమ చేరితే ఏమవుతుంది? మరిగే వేడి పడిపోతుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ 3, డాట్ 4 అని అంకెలతో గుర్తిస్తారు. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీళ్లు చేరాక కనీస హద్దు 155 డిగ్రీలే. డాట్ 3 అయితే కొత్తగా ఉన్నప్పుడు 205, నీళ్లు చేరాక 140. వంద మిల్లీలీటర్ల ఆయిల్‌లో నాలుగు మిల్లీలీటర్లు కూడా లేని నీళ్లు, అంటే టీ స్పూనుకి తక్కువ, 75 డిగ్రీలు తినేస్తాయి. చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకోదు కాబట్టి మన చేతి బలం నేరుగా ప్యాడ్లకి చేరుతుంది. ఆవిరి అలా కాదు, నొక్కితే అణిగిపోతుంది. లివర్ గ్రిప్పు దాకా వచ్చేస్తుంది, ప్యాడ్లు మాత్రం కదలవు. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, లివర్ గట్టిపడుతుంది. ఆ రోజు చెట్టు నీడలో జరిగింది అదే.

ఇంకో రకం కూడా ఉంది, రెండింటినీ కలిపి అర్థం చేసుకోవద్దు. లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్లు అతిగా వేడెక్కిన లక్షణం. లివర్ మెత్తబడి లోపలికి పోతే అది ఆయిల్ సంగతి.

మన కొండకి ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. దిగే ఘాట్ రోడ్డు 1944లో తెరిచిన పాత దారి, సుమారు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు, ఒక సంచీ కలిపి 285 కిలోలు అనుకుందాం. ఆ బరువు 700 మీటర్లు దిగితే బయటపడే శక్తితో, 30 డిగ్రీల నీళ్లు ఆరు లీటర్ల పైన మరుగు పట్టించవచ్చు. ఆ శక్తిలో కొంత గాలి తీసుకుంటుంది, గేర్లో ఉంటే ఇంజిన్ చాలా తీసుకుంటుంది, మిగిలిందంతా బ్రేకులు వేడిగా మింగాలి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగేవాళ్లను రోజూ చూస్తున్నాను. వాళ్లు ఇంజిన్ వంతు వేడిని కూడా అరచేతి వెడల్పున్న రెండు ప్యాడ్ల మీదే మోపుతున్నారు. దయచేసి అలా చేయొద్దు. పోయిన పెట్రోలు మళ్లీ కొనుక్కోవచ్చు.

నీళ్లు లోపలికి ఎక్కడి నుంచి వస్తాయని చాలామంది అడుగుతారు, మూత బిగించే ఉంది కదా అని. ప్రధానంగా మూడు దారులు. మొదటిది రబ్బరు హోస్, అంటే మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్‌కి ఆయిల్ తీసుకెళ్లే గొట్టం. చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా రబ్బరు గుండా తేమ నెమ్మదిగా లోపలికి చొచ్చుకుపోతుంది. హోస్ పాతబడి పగుళ్లు వస్తే ఇంకా ఎక్కువ. రెండోది మాస్టర్ సిలిండర్ మూత. మూత కింద నల్లటి రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. ప్యాడ్లు అరిగి ఆయిల్ మట్టం దిగేకొద్దీ అది కిందికి సాగుతుంది, దాని పై భాగానికి మాత్రమే బయటి గాలి తగలాలి. అది చిరిగినా, మడతలు సరిగా కూర్చోకపోయినా తేమ గాలి నేరుగా ఆయిల్‌కి తగులుతుంది. మూడోది మన చేతులే. వానలో మూత తీయడం, ఆరు నెలల కింద తెరిచి పెట్టిన డబ్బాలోని ఆయిల్ పోయడం.

మూడో దారిని మూసేయడం అన్నిటికన్నా సులువు, కానీ ఎక్కువమంది దాన్నే పట్టించుకోరు. వర్క్‌షాపు మూల సగం మూత పెట్టిన పెద్ద డబ్బా ఉంటుంది, వచ్చిన ప్రతి బండికీ అందులోంచే పోస్తారు. మీరు చిన్న సీసా కొనండి. ముందు బ్రేకు ఒక్కదానికి పావు లీటరు చాలా ఎక్కువే. సీలు మీ ఎదురుగా తీయించండి. మిగిలితే దాచుకోవద్దు.

ఇప్పుడు మీ బండి పరిస్థితి చూసుకోవడం ఎలా? అందరూ రంగు చూడమంటారు. కొత్త ఆయిల్ లేత గడ్డి రంగులో తేటగా ఉంటుంది, పాతది టీ డికాషన్‌లా మారుతుంది. నల్లబడితే మార్చాల్సిందే, అనుమానం లేదు. కానీ తేటగా ఉన్నంత మాత్రాన తేమ లేదని కాదు, నీళ్లకి రంగుండదు కదా. లైట్లు వెలిగే పెన్ను లాంటి టెస్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ద్రవంలో కరెంటు పారే తీరు చూసి అంచనా చెబుతాయి, కాబట్టి ఎర్ర లైటు వెలిగితే నమ్మండి, పచ్చ లైటు వెలిగితే పూర్తిగా నమ్మకండి. నేను తేదీనే నమ్ముకుంటాను. చాలా బళ్ల మాన్యువల్‌లో రెండేళ్లకోసారి ఆయిల్, నాలుగేళ్లకోసారి హోస్ మార్చమని రాసి ఉంటుంది. రోజూ కొండ దిగే బండికి ఆయిల్ ఏడాదికోసారి మార్చాలనేది నా గట్టి అభిప్రాయం.

ఎప్పుడు మార్చాలి అంటే, సంక్రాంతి అయ్యాక, గంగజాతర రాకముందు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో వీధులన్నీ చెరువులైనప్పుడు మన బళ్లు ఎంతసేపు నీళ్లలో నిలిచాయో గుర్తుండే ఉంటుంది. ఆ తేమంతా చేరాక మార్చితే, మే నెల ఎండలో కొండ దిగే వేళకి ఆయిల్ కొత్తగా ఉంటుంది. పైగా ఫిబ్రవరిలో గాలి పొడిగా ఉంటుంది, మూత తెరిచి పని చేయడానికి మంచి రోజులు.

పనిలోకి వద్దాం. కావాల్సినవి: సీలు తీయని బ్రేక్ ఆయిల్, 8 ఎం.ఎం. రింగ్ స్పానర్ (క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి తీసే చిన్న మరని నిపుల్ అంటారు, నా బండి నిపుల్ సైజు అది, మీది చూసుకోండి), చేపల తొట్టికి వాడే సన్నటి పారదర్శక ట్యూబ్ ఒక అడుగు, ఖాళీ సీసా, సూది లేని సిరంజి, సరైన స్క్రూ డ్రైవర్, బకెట్ నీళ్లు, పాత బట్టలు. ఏ రకం ఆయిల్ పోయాలో మాస్టర్ సిలిండర్ మూత మీదే అచ్చువేసి ఉంటుంది. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ రకాలే. డాట్ 5 మాత్రం వేరు, అది సిలికాన్. పేర్లు దగ్గరగా ఉన్నాయని డాట్ 5.1 బదులు డాట్ 5 తెచ్చారంటే ప్రమాదం. సిలికాన్‌లో నీళ్లు కలవవు కాబట్టి మంచిదనుకుంటారు. కానీ లోపలికి వచ్చిన నీళ్లు అలాగే చుక్కలుగా జారి, అన్నిటికన్నా వేడి చోటైన క్యాలిపర్ అడుగున చేరతాయి. అక్కడ 100 డిగ్రీలకే మరుగుతాయి, అక్కడే తుప్పు పట్టిస్తాయి.

బండిని సెంటర్ స్టాండ్ వేసి, మాస్టర్ సిలిండర్ సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పండి. ట్యాంకు మీద తడి బట్ట కప్పండి. ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది, చుక్క పడితే తుడవడం కన్నా వెంటనే నీళ్లు పోసి కడగడం మేలు. మూత చుట్టూ ఉన్న దుమ్ము ముందే తుడవాలి, లేకపోతే తెరవగానే ఇసుక లోపల పడుతుంది.

మూత మీదున్న రెండు స్క్రూల దగ్గరే చాలామంది ఆగిపోతారు. మెత్తటి లోహం, తల తొందరగా అరిగిపోతుంది. తలలో పూర్తిగా కూర్చునే డ్రైవర్ పెట్టి, దాని వెనక సుత్తితో రెండుసార్లు తేలికగా తట్టండి. పట్టు వదులుతుంది. తర్వాత బరువంతా కిందికి వేసి నెమ్మదిగా తిప్పండి. ఒకసారి తల అరిగితే ఆ రోజంతా దానికే పోతుంది, నాకు పోయింది.

మూత, దాని కింద పలక, డయాఫ్రమ్ తీసి శుభ్రమైన పళ్లెంలో పెట్టండి. డయాఫ్రమ్‌ను వెలుతురుకి పట్టి చూడండి, సూది మొనంత రంధ్రం ఉన్నా కొత్తది వేయాలి. సిరంజితో పైనున్న పాత ఆయిల్ లాగేసి, కొత్తది పోయండి. మాస్టర్ సిలిండర్ తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు లివర్ ముట్టుకోవద్దు, గాలి లోపలికి పోతుంది.

క్యాలిపర్ నిపుల్ మీద రబ్బరు టోపీ తీసి, నిపుల్‌కి ముందు రింగ్ స్పానర్, ఆ తర్వాత ట్యూబ్ తొడగండి. ట్యూబ్ రెండో కొస సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి అందులో మునిగేలా పెట్టండి. లివర్‌ను మూడు నాలుగు సార్లు నెమ్మదిగా నొక్కి, నొక్కి పట్టుకోండి. నిపుల్ పావు చుట్టు విప్పండి. లివర్ లోపలికి జారుతుంది, ట్యూబ్‌లో పాత ఆయిల్ దిగుతుంది. లివర్ వదలకముందే నిపుల్ బిగించండి. ఈ వరస తప్పితే బయటికి పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. ఒకరు లివర్ దగ్గర, ఒకరు నిపుల్ దగ్గర ఉంటే పని చక్కగా సాగుతుంది. మా ఇంట్లో లివర్ దగ్గర మా అబ్బాయి ఉంటాడు, "పట్టు", "వదులు" అని నేను కింద నుంచి చెబుతుంటాను.

పాత బండి అయితే ఒక జాగ్రత్త. లివర్ వెనక గ్రిప్పు మీద వేలు మందం చెక్క ముక్క కట్టండి. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే భాగం నున్నగా ఉంటుంది, దాని అవతలి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉండొచ్చు. లివర్ చివరిదాకా పోతే లోపలి రబ్బరు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది.

నాలుగైదు సార్లకోసారి పైన మట్టం చూసి పోస్తూ ఉండండి. మొదట డికాషన్ రంగు వస్తుంది, తర్వాత లేతబడుతుంది, చివరికి తేటగా, ఆవగింజంత బుడగ కూడా లేకుండా వస్తుంది. అక్కడితో ఆపకుండా ఇంకో నాలుగుసార్లు తీయండి. నిపుల్‌ను బలంగా బిగించొద్దు, లోపల బోలుగా ఉండే సన్నటి లోహం, విరుగుతుంది. మట్టాన్ని పై గీతకీ కింది గీతకీ మధ్య ఉంచి, డయాఫ్రమ్ మడతలు లోపలికి మడిచి మూత పెట్టండి. ప్యాడ్లు అరిగిన బండిలో పై గీత దాకా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజు పిస్టన్లు వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది. తీసిన ఆయిల్ ఎంత తేటగా కనిపించినా మళ్లీ పోయొద్దు.

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్ల మాట వేరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి మీది అదే అయ్యుండొచ్చు. చాలా బళ్లలో మామూలుగా ఆయిల్ మార్చడం ఇలాగే చేయొచ్చు, కానీ ముందు మాన్యువల్ చూడండి. తొట్టి ఎండిపోయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే, దాన్ని తీయడానికి కొన్ని బళ్లకి సర్వీస్ సెంటర్‌లోని స్కానర్ కావాలి. తేమ వల్ల ఆ యూనిట్ లోపలి సన్నటి వాల్వులు తుప్పు పడితే బాగుచేయడం కష్టం, కొత్తది వేయాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అందుకే ఏబీఎస్ బండికి సమయానికి ఆయిల్ మార్చడం ఇంకా అవసరం.

ఇక హోస్. దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది.

టార్చి పట్టుకుని హోస్ రెండు కొసల దగ్గర, లోహం ఫిట్టింగు నుంచి రబ్బరు మొదలయ్యే చోట చూడండి. బొటనవేలితో కాస్త వంచండి. ఎండాకాలం మడమల పగుళ్లలా సన్నటి గీతలు కనిపిస్తే దాని ఆయుష్షు అయిపోయినట్టే. ఇంకొకరిని లివర్ గట్టిగా నొక్కమని, హోస్ మధ్యలో పట్టుకోండి. వేళ్ల కింద ఉబ్బినట్టు తెలిస్తే ఆ బండిని కొండకి తీసుకెళ్లొద్దు.

మార్చేటప్పుడు రెండు దారులు. కంపెనీ రబ్బరు హోస్ మళ్లీ వేసుకోవచ్చు, తప్పేమీ లేదు, నాలుగేళ్లు నిశ్చింత. రెండోది స్టీలు అల్లిక హోస్. దీని లోపలి గొట్టం టెఫ్లాన్, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక, పైన ప్లాస్టిక్ తొడుగు. టెఫ్లాన్ గుండా తేమ చొచ్చుకురావడం రబ్బరుతో పోలిస్తే బాగా తక్కువ. వత్తిడికి ఉబ్బదు కాబట్టి లివర్ కూడా బిర్రుగా ఉంటుంది. నేను 2017లో ఇదే వేయించుకున్నాను. కానీ ఒక మాట, అల్లిక హోస్ వేశాం కదా అని ఆయిల్ మార్చడం మానేస్తే మళ్లీ మొదటికే వస్తాం. మూత నుంచీ, సీళ్ల నుంచీ తేమ వస్తూనే ఉంటుంది. డబ్బులు ఒకదానికే ఉంటే ముందు ఆయిల్ మార్చండి, హోస్ తర్వాత.

పైన తొడుగు లేని ఉత్త అల్లిక మెరుస్తూ అందంగా ఉంటుంది, కొనొద్దు. తీగల సందుల్లో ఇసుక చేరి లోపల రాపిడి పెడుతుంది, బయట ఆకురాయిలా మడ్‌గార్డ్ పెయింటును కోస్తుంది. ఇంకా ముఖ్యమైనది: హైడ్రాలిక్ అంగళ్లలో జేసీబీలకి, లారీలకి గొట్టాలు కొలిచి క్రింప్ చేసి ఇస్తారు. సగం ధరకి బండికీ చేసిస్తామంటారు. ఆ గొట్టాల లోపలి రబ్బరు మినరల్ ఆయిల్‌కి తగినది, గ్లైకాల్ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. బయట స్టీలు గట్టిగా కనిపిస్తూనే లోపల పొరలు ఊడి దారి మూసుకుపోతుంది. బ్రేకుల కోసమే చేసిన హోస్, దాని మీద ప్రమాణం గుర్తు ఉన్నది మాత్రమే తీసుకోండి.

ఇదే కారణంతో ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. క్యాలిపర్ విప్పితే అన్నీ పెట్రోలులో వేసి కడగడం మన దగ్గర చాలా చోట్ల మామూలు. లోపలి రబ్బరు సీళ్లకి పెట్రోలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏవీ పడవు. మొదటి రోజు ఏమీ తెలియదు. తర్వాత సీలు ఉబ్బి పిస్టన్‌ను పట్టేస్తుంది, ప్యాడ్ డిస్క్‌కి ఆనుకునే ఉంటుంది, బండి నడిచినంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి చేరేది తేమ పట్టిన ఆయిల్‌కే. సీళ్లను కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి, పూతకి రబ్బరుకి పనికొచ్చే సిలికాన్ గ్రీజు వాడండి. మీ మెకానిక్‌కి ఈ మాట మర్యాదగా, కానీ తప్పకుండా చెప్పండి.

హోస్ విప్పే ముందు ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి, ఏ క్లిప్పులోంచి ఎలా పోయిందో తర్వాత గుర్తుండదు. కొత్త హోస్ పొడవు, కొసల వంపు పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. రెండు కొసల దగ్గరా బోలుగా ఉండే బోల్టు, దాని ఫిట్టింగుకి అటూ ఇటూ ఒక్కో రాగి వాషర్ ఉంటాయి. వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి. ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగా కూర్చోదు, అక్కడి నుంచే చెమ్మ కనిపిస్తుంది. బిగింపు మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే హోస్ మీరు అమర్చి, బిగింపు వరకు అది ఉన్న చోట చేయించుకోండి. అల్యూమినియం మరలు చెడితే మాస్టర్ సిలిండర్ మొత్తం పోతుంది. ఫిట్టింగుకి ఆనుకుని హోస్‌ను వంచొద్దు. అమర్చాక హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, ముందు ఫోర్క్ బాగా అణచి, పైకి లేపి చూడండి. ఏ స్థితిలోనూ హోస్ బిగుసుకోకూడదు, టైరుకి తగలకూడదు.

కొత్త హోస్ లోపల అంతా గాలే కాబట్టి లివర్ ఎంత నొక్కినా మొదట ఏమీ రాదు, చెయ్యి నొప్పి పుడుతుంది. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, ట్యూబ్ ద్వారా నిపుల్ నుంచి పైకి మెల్లగా ఎక్కించండి. గాలి స్వభావంగా పైకే పోతుంది, తొట్టిలో బుడగలు తేలతాయి. పైన పొంగకుండా ఒకరు చూస్తుండాలి. ఆ తర్వాత మామూలు పద్ధతిలో తీయండి. ఇంకా కాస్త మెత్తగా ఉంటే లివర్‌ను తాడుతో గ్రిప్పుకి కట్టి రాత్రంతా వదిలేయండి. మిగిలిన చిన్న బుడగలు చాలావరకు పైకి చేరతాయి.

వానాకాలం అలవాట్లు రెండు మూడు. వాటర్ సర్వీస్ చేయించేటప్పుడు ప్రెషర్ గన్ మాస్టర్ సిలిండర్ మూతకీ క్యాలిపర్ పిస్టన్ల సందుకీ నేరుగా పెట్టనివ్వకండి. అండర్ బ్రిడ్జి కింద నీళ్లలోంచి రావాల్సి వస్తే, వచ్చాక కొద్ది దూరం బ్రేకులు మెల్లగా నొక్కుతూ ప్యాడ్లు ఆరనివ్వండి. వెనక డిస్క్ ఉన్న బళ్లకి తొట్టి సైడ్ ప్యానెల్ దగ్గర బురదలో ఉంటుంది, అందరూ మరిచిపోయేది అదే.

కొండ దిగేటప్పుడు, పైన దిగే దారి మొదట్లో ఉన్న జీఎన్‌సీ టోల్‌గేట్ దగ్గర రెండు బ్రేకులూ ఒకసారి గట్టిగా నొక్కి చూస్తాను. రెండో గేరు లేదా మూడో గేరు, మలుపుకి ముందే రెండు బ్రేకులతో వేగం తగ్గించి వదిలేయడం, అంతే. తేలికగా నొక్కిపట్టుకుని దిగితే డిస్క్ చల్లారే వీలుండదు. లివర్ మెత్తబడుతున్నట్టు అనిపించిన క్షణమే గేరు దించండి, లివర్ వేగంగా నాలుగైదు సార్లు నొక్కి వదలండి, వెనక బ్రేక్‌తో బండిని కొండ వైపు ఆపండి. వేడి డిస్క్ మీద సీసాలో నీళ్లు పోయొద్దు, వంకరపోవచ్చు. అరగంట ఆగండి. లివర్ మళ్లీ గట్టిపడిందంటే బాగైపోయిందని కాదు. కిందికి మెల్లగా దిగి, ఆయిల్ మార్చాకే మళ్లీ కొండెక్కండి.

నా బండి సీటు కింద తెల్ల టేపు ముక్క మీద ఆయిల్ మార్చిన తేదీ, హోస్ వేసిన సంవత్సరం రాసి ఉంటాయి. సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరు చూసినా తెలుస్తుంది.

పని అయ్యాక లివర్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి, జారకూడదు. రెండు బోల్టుల చుట్టూ, నిపుల్ దగ్గర తెల్ల టిష్యూతో తుడిచి చూడండి. బండిని ముందు వీధిలో, నడక వేగంతో నడిపి ఆపండి. రెండు రోజులు ఊళ్లోనే తిరగండి. మూడో రోజు పొద్దున మళ్లీ టిష్యూ పెట్టి చూసి, పొడిగా వస్తేనే కొండ మొదలున్న అలిపిరి వైపు తిప్పండి.